తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో రెవెన్యూ వాళ్లున్నారు, పోలీసులున్నారు, ఫైర్ వాళ్లున్నారు, పంచాయతీరాజ్, ఇరిగేషన్, వైద్య ఆరోగ్య శాఖల నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలున్నారు. మిమ్మల్నందరినీ ఇలా ఒకచోట చూస్తుంటే సంతోషంగా ఉంది. నా సర్వీసులో ఇన్ని శాఖల వాళ్లను మొదటిసారి ఒకచోట చూసింది ఒక తుఫాను రాత్రి, పెట్రోమాక్స్ లైటు వెలుగులో. ఆ రాత్రి సంగతితోనే మొదలుపెడతాను.

1990 మే 8. కృష్ణా తీరంలో ఒక మండలాఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. మర్నాడు తుఫాను తీరం దాటుతుందని కబురు. సముద్రం పక్క ఊళ్ల నుంచి జనాన్ని ట్రాక్టర్ల మీద తెచ్చి పక్కా భవనాల్లోకి చేర్చాలి. మూడు ట్రాక్టర్ల నిండా జనంతో ఒక హైస్కూలు దగ్గరకు చేరాం. వాన దంచి కొడుతోంది. గేటుకు తాళం, వరండా గ్రిల్లుకు ఇంకో తాళం. వేసవి సెలవులు కదా, హెడ్మాస్టరు గారు సొంతూరు వెళ్లారు. తాళంచెవులు ఆయన దగ్గరే ఉన్నాయి. అటెండరు ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు.

నాతో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. మంచివాడు. "పగలగొట్టడానికి నాకేం అభ్యంతరం లేదండీ, మీ ఎమ్మార్వో గారి మాట కావాలి" అన్నాడు. ఎమ్మార్వో గారు జీపులో ఇంకో ఊళ్లో ఉన్నారు. ఫోన్లు చచ్చిపోయాయి. స్టేషన్లో వైర్‌లెస్ సెట్ పనిచేస్తోంది గానీ అందులో పోలీసులు పోలీసులతోనే మాట్లాడగలరు. మా ఎమ్మార్వో గారి జీపులో సెట్ లేదు.

ట్రాక్టరు మీద ఒక ముసలావిడ ఉంది. 77 ఉప్పెనలో కొడుకుని, కోడల్ని పోగొట్టుకున్న మనిషి. తడిసి వణుకుతూ నన్ను ఒకటే మాట అడిగింది. "ఈ తాళం ఎవరిది బాబూ?"

నాకు నోట మాట రాలేదు. బడి చూస్తే విద్యాశాఖది. భవనం జిల్లా పరిషత్తుది, మరమ్మతులు పంచాయతీరాజ్ ఇంజినీర్లవి. జనాన్ని తరలించే పని మాది. బందోబస్తు పోలీసులది. అన్నం పొట్లాలు సివిల్ సప్లయిస్ బియ్యంతో వండించాలి. ఇంతమందిలో ఆ తాళం ఎవరిదో చెప్పగలిగినవాడు ఆ గేటు దగ్గర ఒక్కడూ లేడు.

సైకిలేసుకుని బయల్దేరాను. ఎమ్మార్వో గారిని పట్టుకుని తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆయన అన్నది ఒక్కటే మాట: "పగలగొట్టండి, తర్వాత సంగతి నేను చూసుకుంటాను." గునపంతో నాలుగు దెబ్బలు. గంటన్నర పట్టిన పని నిమిషంలో అయిపోయింది. మర్నాడు సాయంత్రం తుఫాను తీరం దాటింది. ఆ బళ్లో ఉన్నవాళ్లంతా బతికారు. 77లో దివిసీమ చుట్టుపక్కల దాదాపు పది వేల మంది పోతే, 90లో అంతే తీవ్రమైన తుఫానులో రాష్ట్రం మొత్తం మీద వెయ్యి లోపు. ముందే జనాన్ని లక్షల సంఖ్యలో కదిలించడం వల్లే అది సాధ్యమైంది. అయినా ఆ గంటన్నర నన్ను ఇవాళ్టికీ వదల్లేదు. గాలి ఆ రాత్రే వచ్చి ఉంటే?

చాలా ఏళ్లు నా మనసులో ఒకటే ఆలోచన ఉండేది. ఈ శాఖలన్నీ కలిపేసి ఒకే శాఖ చేస్తే పోదా? ఒకే ఆఫీసరు, ఒకే జీపు, ఒకే ఫైలు. మీలోనూ చాలామందికి ఇదే అనిపిస్తుంది. ప్రతి వరద తర్వాత పేపర్లలోనూ ఇదే మాట: సమన్వయ లోపం, అన్నిటినీ ఒకే గొడుగు కిందకు తేవాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ ఆలోచనను నేను మార్చుకోవడానికి కారణం అమెరికా అనుభవం. అక్కడ ఆ పని నిజంగానే చేశారు, అదీ చాలా పెద్ద ఎత్తున. దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

2001 సెప్టెంబరు 11 మీకు తెలిసిందే. అందులో ఒక్క అరగంట గురించి మాత్రం చెబుతాను. న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో దక్షిణ టవరు ఉదయం 9 గంటల 59 నిమిషాలకు కూలింది. ఉత్తర టవరు ఇంకా నిలబడే ఉంది, లోపల ఫైర్ సిబ్బంది మెట్లెక్కుతున్నారు. పైన పోలీసు హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. ఈ రెండో టవరు కూడా ఎక్కువసేపు నిలవదని 10 గంటల 8 నిమిషాలకు ఒక పోలీసు పైలట్ రేడియోలో చెప్పాడు. పోలీసులు విన్నారు. ఫైర్ వాళ్లకు ఆ మాట వినబడలేదు, ఎందుకంటే వాళ్ల రేడియోలు వేరు. రెండు శాఖలూ కమాండ్ పోస్టులు కూడా వేర్వేరు చోట్ల పెట్టుకున్నాయి. పక్క టవరు కూలిపోయిన సంగతే లోపల చాలామందికి తెలియదు. ఇంట్లో టీవీ చూస్తున్నవాడికి తెలిసినంత కూడా కింద లాబీలో ఉన్న ఫైర్ అధికారులకు తెలియలేదు. 10 గంటల 28 నిమిషాలకు ఆ టవరూ కూలింది. ఆ రోజు మొత్తం 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. అందరూ రేడియో వల్లే పోయారని నేను అనడం లేదు. కానీ 10:08కి చెప్పిన మాట 10:28లోపు పక్క శాఖకు చేరకపోవడం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ స్కూలు గేటే గుర్తొస్తుంది.

దీనికి అమెరికా వెతుక్కున్న మందు విలీనం. 2002 నవంబరు 25న అధ్యక్షుడు బుష్ చట్టం మీద సంతకం చేశారు. హోంల్యాండ్ సెక్యూరిటీ అనే కొత్త శాఖ 2003 మార్చి నుంచి పనిలోకి దిగింది. కస్టమ్స్, ఇమిగ్రేషన్, కోస్ట్ గార్డ్, సీక్రెట్ సర్వీస్, విపత్తులు చూసే ఫీమా, ఇలా 22 సంస్థలను తెచ్చి అందులో కలిపారు. ఉద్యోగులు లక్షా డెబ్బై వేలకు పైమాటే. 1947లో సైన్యం విభాగాలన్నిటినీ ఒక చోటికి తెచ్చిన తర్వాత ఆ దేశంలో అంత పెద్ద మార్పు అదే. పైన శాఖ ఒకటే అయింది గానీ దాన్ని పర్యవేక్షించే పార్లమెంటు కమిటీలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. 9/11 మీద వేసిన కమిషనే లెక్కపెట్టింది, కమిటీలూ సబ్‌కమిటీలూ కలిపి 88. ఒక శాఖ 88 చోట్ల జవాబు చెప్పుకోవాలి!

ఇందులో ఫీమా కథ మనకు ముఖ్యం. అది కూడా విలీనంతో పుట్టిందే. 1979లో కార్టర్ హయాంలో అక్కడా ఇక్కడా ఉన్న విపత్తు విభాగాలను కలిపి పెట్టారు. కలిపారే గానీ, 1992లో ఫ్లోరిడాలో ఆండ్రూ తుఫాను వచ్చినప్పుడు మూడు రోజులైనా సాయం అందలేదని జనం మండిపడ్డారు. తర్వాతి ఏడాది జేమ్స్ లీ విట్ అనే ఆయన్ని దానికి అధిపతిగా పెట్టారు. ఆయన సొంత రాష్ట్రం అర్కన్సాలో ఇదే పని చేసి వచ్చినవాడు. తర్వాత ఆయనకు కేబినెట్ హోదా ఇచ్చారు, అంటే తుఫాను వస్తోందంటే నేరుగా అధ్యక్షుడితో మాట్లాడొచ్చు. పనితీరు ఎంత మారిందో అక్కడివాళ్లే చెప్పుకునేవాళ్లు. సరిగ్గా అలా కుదురుకున్న సంస్థను 2003లో తీసుకెళ్లి ఆ మహాశాఖలో కలిపారు. ఆ శాఖకు ఊపిరి ఉగ్రవాదం మీద పోరాటం. డబ్బు అటే, దృష్టి అటే. ముందస్తు సన్నద్ధత పనులను ఫీమా చేతుల్లోంచి ఒక్కొక్కటే తీసి వేరే విభాగాలకు పంచారు. అధిపతికి అధ్యక్షుడికి మధ్య ఇంకో మెట్టు వచ్చింది. అనుభవం ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

2005 ఆగస్టు 29న కత్రినా వచ్చింది. న్యూ ఓర్లీన్స్ కట్టలు తెగి ఊరంతా మునిగింది. అంతకు ఏడాది ముందే, 2004 జూలైలో, సరిగ్గా ఇలాంటి తుఫాను ఆ ఊరి మీదకు వస్తే ఏం చేయాలో కాగితం మీద కసరత్తు చేశారు కూడా. అంటే తెలియక కాదు. ఒక స్టేడియంలో తలదాచుకున్న వేలమంది రోజుల తరబడి బస్సుల కోసం ఎదురుచూశారు. బస్సులు ఎవరు పంపాలి, ఎవరు అడగాలి, అడిగిన కాగితం ఎక్కడ ఆగింది? మన తాళంచెవి కథే.

అదే నీళ్లలో, అదే వారంలో, అదే శాఖకు చెందిన ఇంకో సంస్థ 33 వేల మందికి పైగా జనాన్ని కాపాడింది. అది కోస్ట్ గార్డ్. ఇది తెలిసినప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నట్టయింది. ఒకే మంత్రి, ఒకే చట్టం, ఒకే లోగో. ఒకటి చతికిలబడింది, ఇంకొకటి నిలబడింది. ఎందుకు? విలీన చట్టంలోనే కోస్ట్ గార్డ్‌ను ముక్కలు చేయకూడదని, దాని పనులూ సామగ్రీ అలాగే ఉంచాలని రాసుకున్నారు. కమాండ్ దానిదే. దానికి తోడు, కిందిస్థాయి అధికారి పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా చూడకుండా హెలికాప్టర్ లేపొచ్చు. ఆ అలవాటు ఆ సంస్థలో ఎప్పటినుంచో ఉంది. ఫీమాకు అలాంటి రక్షణ ఏదీ దొరకలేదు. 2006లో అమెరికా మళ్లీ చట్టం మార్చింది. సన్నద్ధత పనులు తిరిగి ఫీమాకు ఇచ్చారు, అధిపతికి విపత్తు నిర్వహణలో అనుభవం తప్పనిసరి చేశారు, అత్యవసర వేళ అధ్యక్షుడికి నేరుగా సలహా ఇచ్చే దారి తెరిచారు. కోస్ట్ గార్డ్‌కు మొదటిరోజే ఇచ్చిన రక్షణను ఫీమాకు కత్రినా అయ్యాక ఇచ్చారు.

ఇప్పుడు మన సంగతి. మన దేశంలో విపత్తు సాయం చాలాకాలం కేంద్ర వ్యవసాయ శాఖ కింద ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? మనకు విపత్తు అంటే కరవు అని అర్థమున్న రోజుల నాటి ఏర్పాటు అది. 1999 అక్టోబరులో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది పోయారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం. భవనాల కింద చిక్కుకున్న వాళ్లను తీయడం వ్యవసాయ శాఖ పని ఎలా అవుతుంది? 2002లో దాన్ని హోం శాఖకు మార్చారు. కరవు మాత్రం ఇప్పటికీ వ్యవసాయ శాఖ దగ్గరే ఉంది, అది సరైనదే. 2004 సునామీ తర్వాత, 2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది.

ఈ చట్టం ఏ శాఖనూ రద్దు చేయలేదు, దేన్నీ దేనిలోనూ కలపలేదు. దేశంలో, రాష్ట్రంలో, జిల్లాలో ఒక్కో అథారిటీ పెట్టింది. జిల్లాలో కలెక్టరు గారు చైర్మన్, జడ్పీ చైర్మన్ సహ చైర్మన్, ఎస్పీ గారు, వైద్యాధికారి సభ్యులు. 34వ సెక్షన్ ఒకసారి చదవండి. విపత్తు ముంచుకొచ్చినప్పుడు జిల్లాలో ఏ శాఖ దగ్గరున్న వనరులనైనా వాడమని ఆదేశించే అధికారం ఆ అథారిటీకి ఉంది. 73వ సెక్షన్ కూడా చదవండి. సదుద్దేశంతో చేసిన పనికి అధికారి మీద కేసు నడవదు. 1990లో మా ఎమ్మార్వో గారికి ఈ రెండూ లేవు, ఆయనకున్నదల్లా ఆయన ధైర్యం.

జాతీయ విపత్తు స్పందన దళం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌ను చూడండి. నారింజ రంగు యూనిఫాం వేసుకున్న ఆ కుర్రాళ్లు నిజానికి బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. మాతృసంస్థలు అలాగే ఉన్నాయి. ఇక్కడికి వచ్చాక మాత్రం శిక్షణ ఒకటి, పడవ ఒకటి, కమాండ్ ఒకటి. దేశం మొత్తం మీద 16 బెటాలియన్లు. వాటిలో పదోది మన విజయవాడ పక్కన కొండపావులూరులోనే ఉంది. ఒడిశా కూడా 1999 దెబ్బకు సొంత అథారిటీ, సొంత దళం పెట్టుకుంది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మంది దాకా తరలించి, చావులను పదుల సంఖ్యకు తగ్గించింది. పక్క రాష్ట్రం, మనకున్నదే సముద్రం. వెళ్లి చూసి రండి.

హైదరాబాద్ గురించి కూడా నా అభిప్రాయం చెప్పాలి. గట్టి వాన కురిసి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిస్తే అది ఎవరి పని? రోడ్డు కార్పొరేషన్‌దో ఆర్ అండ్ బీదో. మ్యాన్‌హోల్ వాటర్ బోర్డుది. నాలా ఇంకొకరిది, చెరువు ఇరిగేషన్‌ది, కరెంటు స్తంభం డిస్కంది, ట్రాఫిక్ పోలీసులది. 2020 అక్టోబరు వానల్లో జనం ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తల్లడిల్లారు. 2024 జూలైలో కార్పొరేషన్ విపత్తు విభాగాన్ని విడదీసి, ఔటర్ రింగ్ రోడ్డు వరకు పరిధి ఇచ్చి హైడ్రా అనే సంస్థ పెట్టారు. ఊరు ఔటర్ దాకా పెరిగాక విపత్తు దళం పాత హద్దుల దగ్గరే ఆగిపోకూడదు. ఆ మేరకు నేను పూర్తిగా సమర్థిస్తాను. నన్ను కలవరపెట్టేది దాని పేరులోనే ఉన్న రెండు పనులు: విపత్తు స్పందన, ఆస్తుల రక్షణ. చెరువుల కబ్జా అడ్డుకోవడం వరద నివారణలో భాగమే, కాదనను. కానీ పేపర్లో ఎక్కేదీ, కోర్టుకెక్కేదీ కూల్చివేతలే. హైకోర్టు కూడా కొన్ని కూల్చివేతల తీరును తప్పుపట్టింది. ఫీమాను ఉగ్రవాదం మింగినట్టు, ఇక్కడ పడవను బుల్డోజర్ మింగేయకూడదన్నదే నా ఆందోళన. ఆ రెండు పనులకు బడ్జెట్టూ సిబ్బందీ వేర్వేరుగా రాసిపెట్టాలి. ఎవరినీ నొప్పించాలని చెప్పడం లేదు, ఆ దళంలో పిల్లలు నడుంలోతు నీళ్లలో దిగి పనిచేయడం చూశాను కాబట్టి చెబుతున్నాను.

అదే ఊళ్లో 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. ఆ నంబరుకు అంబులెన్స్ కోసమే కాదు, పోలీసు కోసం, ఫైర్ కోసం కూడా చేయొచ్చని చాలామందికి తెలియదు. ఆస్పత్రులను పోలీసు స్టేషన్లలో కలపలేదు, ఫైర్ స్టేషన్లను ఆస్పత్రుల్లో కలపలేదు. ఫోన్ ఎత్తే చెవి ఒకటే చేశారు. రోడ్డు పక్కన రక్తమోడుతున్న మనిషిని ఒళ్లో పెట్టుకున్నవాడు ఏ శాఖకు చేయాలా అని ఆలోచించక్కర్లేకుండా పోయింది. ఇప్పుడు దేశమంతటికీ 112 అదే దారిలో వచ్చింది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చూసిన విలీనాల్లో గొప్పది ఇదే అంటాను.

2024 సెప్టెంబరులో విజయవాడ. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది, అదే రికార్డు. ఊరిని ముంచింది మాత్రం బుడమేరు వాగు. గేట్లు ఇరిగేషన్ వాళ్లవి, వీధులు కార్పొరేషన్‌వి. నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే తెలిసిందని సింగ్‌నగర్‌లో ఇప్పటికీ చెబుతారు. గేటు దగ్గరి మాట వీధిలోకి చేరాల్సిన వేగంతో చేరలేదన్నమాట. దానికి నాకు బాధ ఉంది. కానీ నీళ్లు తగ్గాక అక్కడే చూసిన ఒక దృశ్యం చెప్పాలి. వేరే జిల్లాల నుంచి వచ్చిన ఫైర్ ఇంజన్లు సందుల్లోకి వచ్చి, పైపులతో ఇళ్లల్లో బురద కడిగాయి. మంటలార్పే శాఖకు బురద కడిగే పని ఏ మాన్యువల్లో ఉంది? మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు చీపుర్లతో ముందు, ఫైర్ కుర్రాళ్లు పైపుతో వెనక. ఒకావిడ మంచం, బియ్యం డబ్బా బయటకు మోస్తుంటే ఒక ఫైర్‌మన్ పైపు పక్కవాడికిచ్చి ఇంకోవైపు పట్టాడు. ఆ సందులో ఎవరిది ఏ శాఖో ఎవరూ అడగలేదు.

కాబట్టి కలపాల్సింది చెవిని అంటాను. ఫోన్ ఎత్తే చోటు ఒకటి, వైర్‌లెస్ ఒకటి, మ్యాపు ఒకటి కావాలి. గేటెత్తే ఇరిగేషన్ ఏఈకి కనబడే నీటిమట్టం వార్డు సెక్రటరీ ఫోన్లోనూ అదే నిమిషంలో కనబడాలి. చేతులు ఎవరివి వాళ్లకుండాలి. ఫైర్ వాడి నైపుణ్యం ఫైర్ వాడిదే, డాక్టరు పని డాక్టరుదే. శాఖను ఇంకో శాఖలో కలిపితే రెండేళ్లు సీనియారిటీ జాబితాలు, ప్రమోషన్లు, ఎవరి కుర్చీ ఎక్కడన్న టెన్షన్‌తోనే గడిచిపోతాయి. తుఫాను ఆ రెండేళ్లు ఆగదు. తప్పనిసరై కలిపితే మాత్రం, కోస్ట్ గార్డ్‌కు రాసినట్టు, విపత్తు విభాగాన్ని ముక్కలు చేయబోమని ఉత్తర్వులో మొదటి పేరాలోనే రాయించండి. నగరాలకు విడిగా అథారిటీలు పెట్టుకునే వీలు 2025లో చట్ట సవరణతో వచ్చింది. వాటిలో పనిచేయబోయేది మీరే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తుఫాను అయిన రెండు నెలలకు ఒక ఆఫీసు నుంచి మా మండలానికి ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించి తాళం, గ్రిల్లు పగలగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పుడు మాటల్లో చెప్పలేను. ఎమ్మార్వో గారు కోప్పడలేదు. ఆ రాత్రి బళ్లో ఉన్నవాళ్ల పేర్లన్నీ నాతో రాయించారు. పిల్లలతో సహా మూడు వందల పన్నెండు పేర్లు. ఆ జాబితానే సంజాయిషీగా పంపారు. తిరిగి జవాబు రాలేదు.

తర్వాత సొంత డబ్బుతో కొత్త తాళం కొని, మూడు చెవులు చేయించారు. ఒకటి హెడ్మాస్టరు గారికి, ఒకటి మా ఆఫీసుకు, ఒకటి పోలీసు స్టేషన్‌కు. స్టేషన్లో వైర్‌లెస్ సెట్ పక్కన మేకుకు దాన్ని తగిలించింది నేనే. ఊరి పేరు రాసిన అట్టముక్క కూడా దానికి కట్టాను.

మీరు వెళ్లే మండలంలో తుఫాను షెల్టరుకు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, చేరిన మొదటి వారంలోనే కనుక్కోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ఎంతసేపైనా కూర్చుంటాను.